పొడుగు పేరును పొట్టి గడిలో నిలుపు విధానము

పత్తికొండ బస్టాండు ప్రక్కన నెట్‌సెంటరు నడుపదలచినవారును, అట్టి సెంటరులకు దరఖాస్తు ఫారములు అల్లు నవయువకులును మొట్టమొదట గ్రహింపవలసిన నియమమేమనగా, గడి ఎంత కుఱుచయైన అంత శ్రేయస్కరము. ఇంటిపేరు, తండ్రిపేరు, తన పేరు, చివరనొక గౌరవపదము వరుసగా గల మన రైతు నామధేయమును పదునెనిమిది అక్షరములు పట్టు గడిలో కూర్చినచో, కూర్చినకొలది తల ఎడమప్రక్కకు జరిగి కనుమఱుగగును.

ఇక బ్రౌజరు ధర్మము. పేరు కొట్టి వేఱొక గడికి పోయినంతనే క్రోము మొదటి గడిని వెనుకకు లాగి ఇంటిపేరును చూపును. సఫారిదియు అదే అలవాటు, ఏలయన వెబ్‌కిట్ అను ఒకే ఇంట పెరిగి 2013లో వేరుపడిన దాయాదులు వారు. ఫైర్‌ఫాక్సు మాత్రము విడిచినచోటనే నిలిచి తోకను చూపుచుండును. కావున ఒక కంప్యూటరున రైతునకు పేరు లేదు, ప్రక్కదానిలో ఇంటిపేరు లేదు. "ఏం పెద్దాయనా, నీ పేరు సగమే ఉండాదే?" అని ఆపరేటరు అడుగగా, ఆ పెద్దాయన తన ఆధారు కార్డును తిరగవేసి చూచుకొనునే గాని తప్పు బ్రౌజరుదని తలంపడు. ఈ వినయమును చెఱుపవలదు.

కర్సరును పేరు చివరకు పంపుమని సెట్‌సెలెక్షన్‌రేంజ్ అను ఆజ్ఞ ఇచ్చితిరేని, క్రోములో కర్సరు చేరును గాని గడి జరుగదు. ఇందులకు ప్రాజ్ఞులు కనుగొన్న చికిత్స యేమనగా, బ్లర్ అని గడిని వెలుపలికి పంపి, ఆ క్షణముననే ఫోకస్ అని లోనికి పిలుచుట. ఉగాదికి అలిగిన అల్లుని వాకిటిదాక పోనిచ్చి, చేయి పట్టి తెచ్చి పీటమీద కూర్చుండబెట్టుట వంటిది. వెలుపలికి పోయిన ప్రతిసారియు తప్పుల తనిఖీ మేల్కొని గడిచుట్టు ఎఱ్ఱగీత గీయును. దానిని పండుగ తోరణముగా భావింపుడు. స్క్రోల్‌లెఫ్ట్‌నకు స్క్రోల్‌విడ్త్‌ను అప్పగించిన ఒక్క పంక్తితోనే పని తీరును గాని, అంత సులువుగా తీర్చినవానికి జీతమెవరు పెంతురు?

పత్తికొండ దాపుననే ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనమొకటి కలదు. అందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. రెండువేల రెండువందల యేండ్లకు పైబడి ఆ వ్రాత ఎవరు వచ్చి చూచినను ఒకే తీరున నున్నది. అట్టి మొండిరాతిని మన విద్యకు మాదిరిగా గైకొనరాదు.

కడపటిది విస్తీర్ణపు గడి. దీనిని తప్పక సంఖ్యాజాతిదిగా చేయుడు. మొన్న ఒక సెంటరులో నేను వరుసలో నిలిచియుండగా, ఆపరేటరు 2.45 ఎకరములని కొట్టి, కర్సరును అందే యుంచి, అడుగునున్న బొత్తాము కొఱకు మౌసు చక్రమును నాలుగు మెట్లు త్రిప్పెను. పుట కదలలేదు, 2.44, 2.43, 2.42, 2.41 అని పొలమే దిగెను. ఎకరమునకు నూఱు సెంట్లు గదా, పోయిన నాలుగును నూటతొంబదిమూడు చదరపు గజములకు పైమాట, అనగా ఒక ఇంటిస్థలము. దత్తమండలముల పొలములను గొలుసులు పట్టించి కొలిపించిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన ఈ పత్తికొండలోనే కలరాతో కన్నుమూసెను. ఆయన మనుష్యులు పూటంతయు ఎండలో కొలిచినదానిని ఈ చక్రము రెప్పపాటులో సవరించెను.

చక్రము తిరిగిన వెంటనే గడిని బ్లర్ చేయుటయో, గడిని మామూలు పాఠ్యజాతిగా నుంచి ఇన్‌పుట్‌మోడ్‌ను డెసిమల్ అనుటయో చేసినచో ఈ ముచ్చట ఆగిపోవును. ఆగినచో సవరణ దరఖాస్తులు తగ్గి సెంటరు గిరాకి పడిపోవును గనుక, తొందరపడవలదు.

వరుసలో నిలుచు అయ్యలకు అమ్మలకు మాత్రము ఒక మనవి: అచ్చుకాగితము చేతికి వచ్చినప్పుడు చుక్క తరువాతి రెండంకెలను వ్రేలు పెట్టి చదివి, పిదపనే సంతకము చేయుడు.