గయాలాల్ చేసిన తప్పు

1967లో హరియాణాలో ఇండిపెండెంటుగా గెలిచిన ఎమ్మెల్యే గయాలాల్ పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు.

అప్పట్లో ఇంకా కండువాలు కప్పే ఆచారం ముదరలేదు. ముదిరి ఉంటే పాపం, మెడ పట్టేసేది!

మహానుభావుడు దేశానికి ‘ఆయారాం గయారాం’ అన్న మాటను ఆస్తిగా ఇచ్చి వెళ్లారు.

ఆ జబ్బుకు మందంటూ 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చారు.

జబ్బు తగ్గలేదు. గుంపుగా వస్తే అది జబ్బు కాదని మాత్రం తేలింది.

ఒక్కడు గోడ దూకితే ఫిరాయింపు. మూడింట రెండొంతుల మంది చేతులు పట్టుకుని దూకితే విలీనం!

2019లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో ‘విలీనం’ అయ్యారు. మన నేతలకు లెక్కలు రావన్నది ఎవరు?

గయాలాల్ చేసిన తప్పల్లా ఒక్కటే... ఒంటరిగా వెళ్లడం.

గోడ దూకిన ప్రతివాళ్లూ చెప్పే కారణం కూడా ఒక్కటే: ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం!’

ఎమ్మెల్యే ఆ గట్టునుంచి ఈ గట్టుకు వచ్చారు. నియోజకవర్గం మాత్రం ఉన్నచోటే ఉంది.