వెల్లకిల ఈదేవారి విన్నపం

మునిసిపల్ ఈతకొలను బాధ్యతలు చూస్తున్న అధికారి గారికి,

విషయం: సాయంత్రం బ్యాచుల్లో బ్యాక్‌స్ట్రోక్‌ను నిషేధిస్తూ పెట్టిన బోర్డు గురించి.

ఆర్యా,

వేసవి శిబిరాలు మొదలైన వారంలోనే తమరు గేటు దగ్గరి బోర్డుకు మెరుగులు దిద్దించారు. ఉమ్మి వేయరాదు, ఒంటికి నూనె రాసుకుని దిగరాదు, క్యాప్ లేకుండా దిగరాదు అన్న పాత మూడు వాక్యాల కింద నాలుగోది చేరింది: సాయంత్రం వేళ వెల్లకిల ఈదరాదు. ఉమ్మేవాళ్ల సరసన తమకూ చోటు దక్కినందుకు కొలనులోని వెల్లకిల ఈతగాళ్లు ఎంతో పొంగిపోయారు. వాళ్లను మునిసిపాలిటీ ఒక వర్గంగా గుర్తించడం ఇదే మొదలు.

బెంగళూరుకు చెందిన శ్రీహరి నటరాజ్ 2021లో రోమ్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77 సెకన్లలో ఈది టోక్యో ఒలింపిక్స్‌కు 'ఏ' అర్హత సాధించాడు. పొరపాటున ఆయన సాయంత్రం ఆరు గంటల బ్యాచ్‌కు టికెట్ కొంటే, బోర్డు ప్రకారం లైఫ్‌గార్డు విజిల్ ఊది బయటికి పంపాలి.

నిషేధానికి కారణం లేకపోలేదు. వెల్లకిల ఈదేవాడికి వెనక వస్తున్నవాడు కనిపిస్తాడు గానీ ముందున్నవాడు కనిపించడు. ఆర్టీసీ బస్సును వెనక్కి తీసేటప్పుడు కండక్టర్ దిగి 'రానీ, రానీ' అంటూ రేకు మీద కొడతాడు. కొలనులో ఆ పనికి మనిషి లేడు. అందుకే ఒకరి మోచెయ్యి ఇంకొకరి ముక్కుకు తగులుతోంది, ఫిర్యాదు కాగితం తమ బల్ల మీదికి వస్తోంది.

కానీ ఆ లోటు తీర్చే ఏర్పాటు పోటీ నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. రెండు గోడలకూ 5 మీటర్ల ఇవతల, నీటికి కనీసం 1.8 మీటర్ల ఎత్తున, కొలనుకు అడ్డంగా జెండాల తాడు కట్టాలి. జెండాలు తలమీదుగా దాటగానే ఈదేవాడు చేతులు లెక్కపెడతాడు. ఒకరికి నాలుగు వేస్తే గోడ, ఇంకొకరికి ఆరు. సాధన చేసినవాడికి తన లెక్క తప్పదు. లేన్లను విడదీసే తాడు మీది బిళ్లలు కూడా చివరి 5 మీటర్లలో వేరే రంగులో ఉండాలి, కంటి కొసకే గోడ దగ్గరపడిందని తెలిసిపోవాలి. పైకప్పు లేని కొలనులో ఆకాశం చూస్తూ ఈదేవాడికి ఇంతకు మించిన ఆనవాలు ఉండదు. తమ కొలనుకు జెండాల తాడు లేదని ఎవరూ అనరు. కిందటి పంద్రాగస్టుకు దాన్ని ఆఫీసు ముందు కట్టారు. ఇంకా అక్కడే ఉంది.

నేరమంతా తాడు మీదికి నెట్టడం న్యాయం కాదు.

వెల్లకిల ఈదేవాడు మెలికలు తిరుగుతూ పక్కవాడి దారిలోకి పోవడానికి చాలాసార్లు కారణం చెయ్యి పడే చోటే. భుజం వరసలో పడాల్సిన చెయ్యి నడినెత్తి దాటి అవతలివైపు పడితే నడుము ఇవతలికి జరుగుతుంది. రెండో చెయ్యీ అలాగే పడితే 25 మీటర్ల దూరం 30 అవుతుందేమో అనిపిస్తుంది. చెయ్యి భుజానికి సూటిగా, చిటికెన వేలు ముందుగా నీళ్లలో దిగాలి. పైకి లేచేటప్పుడు బొటనవేలు ముందు రావాలి. భుజాలు అటూ ఇటూ దొర్లుతున్నా తల కదలకూడదు, చెవులు నీళ్లలోనే ఉండాలి. ఎవరికి తగులుతానోనన్న భయంతో గడ్డం ఛాతీకి ఆనించి కాళ్లకేసి చూశాడా, తుంటి కుంగిపోతుంది, మోకాళ్లు నీటిపైకి వస్తాయి, పక్క లేన్ దాకా జల్లు పడుతుంది.

తమ శాఖకు పనికొచ్చే కొలత ఇక్కడుంది. ఒలింపిక్ కొలనులో లేన్ వెడల్పు 2.5 మీటర్లు. ఇద్దరు ఎదురెదురుగా పోతే తలా 1.25. నీటి కింద చేతిని బారుగా చాపి పక్కకు తిప్పేవాడు చెయ్యి పొడవంత మేర ఆక్రమిస్తాడు. మోచెయ్యి మడిచి నీటిని పాదాలవైపు నెట్టేవాడికి అంత మేర అక్కర్లేదు, పైగా వేగమూ వస్తుంది. బాగా ఈదడం నేర్పితే రద్దీ కూడా కొంత తగ్గుతుందన్నమాట. బోర్డుకు రంగు వేయించే బదులు కోచ్‌ను రోజుకో అరగంట గట్టున నిలబెట్టి చేతులు చూడమంటే సరిపోయేది.

హద్దు పెట్టడానికి పూర్వోదాహరణలున్నాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్ డాల్ఫిన్ కిక్ కొడుతూ కొలనులో సగానికి పైగా నీటి అడుగునే పోయాడు. స్వర్ణం గెలిచిన జపాన్ వాడు డైచీ సుజుకీదీ ఇంచుమించు అదే దారి. అంతర్జాతీయ ఈత సమాఖ్య ఊరుకోలేదు. ఆ తర్వాత మునిగి పోయే దూరాన్ని 15 మీటర్లకు కట్టడి చేసింది. అంతేగాని బ్యాక్‌స్ట్రోక్‌నే ఎత్తేయలేదు.

లేన్ పంచుకోవడానికీ పద్ధతులున్నాయి. ఆస్ట్రేలియా కొలనుల్లో రోడ్డు మీద లాగే ఎడమవైపు ఈదుతారు. బ్రిటన్‌లో చాలా చోట్ల ఒక లేన్ సవ్యంగా, పక్క లేన్ అపసవ్యంగా తిరగాలని బాణం గుర్తులు పెడతారు. దానివల్ల తాడుకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే దిక్కుగా పోతారు, చేతులు తగిలినా ఎదురుదెబ్బ కాదు. ఒకరు బయల్దేరిన ఐదు సెకన్లకు ఇంకొకరు కదలాలి. ఆయాసం తీర్చుకునేవాళ్లు లేన్ మూలకు జరిగి, తిరిగేవాళ్లకు గోడ నడిమి భాగం వదలాలి. ప్లాట్ల రేట్లు మాట్లాడుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. తమ బోర్డులో వాళ్ల ప్రస్తావనే లేకపోవడం ఆశ్చర్యం.

కావున నాలుగో వాక్యం చెరిపించి, సాయంత్రం బ్యాచుల్లో కనీసం ఒక లేన్‌ను బాణం గుర్తులతో బ్యాక్‌స్ట్రోక్‌కు కేటాయించవలసిందిగా, జెండాల తాడును ఆఫీసు నుంచి కొలనుకు బదిలీ చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ కొలనులో వెనక్కి వెనక్కి పోతున్న సభ్యులు

జతపరచినవి: లేన్ల పటం ఒకటి, కొత్త జెండాల తాడుకు కొటేషన్లు మూడు, బదిలీ ఉత్తర్వులు ఆలస్యమైన పక్షంలో.