అట్ట ప్రొఫెసరు గారు

రియల్ ఎస్టేట్‌లో కోట్లు గడించే కిటుకు నేర్పుతానంటూ డొనాల్డ్ ట్రంప్ 2005లో న్యూయార్క్‌లో ఆన్‌లైన్ పాఠాలతో ఓ ‘విశ్వవిద్యాలయం’ తెరిచారు.

డిగ్రీ లేదు. గుర్తింపు లేదు. ఫీజు మాత్రం ఉంది!

ఆ పేరు పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలని రాష్ట్ర విద్యాశాఖ అదే ఏడాది హెచ్చరించింది. బోర్డు మార్చేసరికి 2010 వచ్చింది. చదువుల తల్లికి తొందరేముంది?

పాఠాలు క్రమంగా హోటళ్లలో సెమినార్లుగా మారాయి. మొదటి క్లాసు ఉచితం. మూడు రోజుల క్లాసుకు 1,495 డాలర్లు. ‘గోల్డ్ ఎలీట్’ శిష్యరికానికి 34,995. చేతిలో అంత లేదా? క్రెడిట్ కార్డు పరిమితి పెంచుకోమన్నారని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2013 దావాలో ఆరోపించారు. గురుదర్శనం కోరిన శిష్యులకు ట్రంప్ నిలువెత్తు అట్టబొమ్మ పక్కన ఫొటో దక్కిందనీ అందులోనే ఉంది. అట్టబొమ్మను సందేహాలు అడిగినవారు ఉన్నారో లేదో దావాలో లేదు.

  

కోర్టు కేసుల్లో రాజీ ప్రసక్తే లేదన్న ప్రొఫెసరు గారు, 2016 నవంబరులో అధ్యక్ష ఎన్నిక గెలిచిన పది రోజులకే 2.5 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

డబ్బు సంపాదన నేర్పుతానన్న ఆ బడి వల్ల వేలమంది శిష్యుల చేతికి డబ్బొచ్చింది ఆ రాజీతోనే. అదీ వాళ్లు కట్టిన ఫీజే!