అంబాసిడర్‌కు ఎర్త్

మణికొండలో ఫ్లాటు, దాని ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు అన్నీ ఓ దారిలో పడ్డాక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు పాత కారు మీదకు మనసు పోతుంది. చిన్నప్పుడు కలెక్టరుగారు దిగిన తెల్ల అంబాసిడరే కావాలంటాడు. హిందుస్థాన్ మోటార్స్ 2014లోనే ఆ బండి తయారీ ఆపేసింది కాబట్టి, ఏ షెడ్డులోనో కోళ్లు కాపురం పెట్టిన దాన్ని వెతికి తెచ్చి సెల్లార్లో నిలబెడతాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తుక్కు ఎవరిదని అడగడం మొదలవుతుంది.

తర్వాత టింకరింగు, పెయింటింగు. ఇంజిన్ కింది బ్రాకెట్లను కూడా వదలకుండా పౌడర్ కోటింగ్. ఇంత సింగారమూ అయ్యాక సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఒకే ఒక్క చప్పుడు!

కొత్త బ్యాటరీ వేస్తాడు. టక్. సెల్ఫ్ మోటారు మారుస్తాడు. టక్. బండి మూతి నైరుతికి ఉందని పక్క ఫ్లాటాయన వాస్తు చెబుతాడు. చివరికి వచ్చిన ముసలి మెకానిక్ బానెట్‌లోకి తొంగి చూసి, ‘ఎర్త్ కొడ్తలేదు సార్, పెయింట్ గోకాలె’ అంటాడు. యజమాని గుండె ఝల్లుమంటుంది.

మెకానిక్ మాటే నిజం. బ్యాటరీ నుంచి వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. వెళ్లడానికి వైరు, రావడానికి బండి బాడీ. కానీ ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే ఇంజిన్‌కూ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఉంటుంది. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ పట్టీ బోల్టు కింద పెయింటో తుప్పో ఉంటే అంత కరెంటుకు దారి దొరక్క, చోక్ కేబులూ యాక్సిలరేటర్ కేబులూ పట్టుకుని పోతుంది. అవి కాలి పొగలొస్తాయి. వెనక లైటుకు ఎర్త్ సరిగా లేకపోతే మరో వినోదం: బ్రేకు తొక్కితే ఇండికేటరు మిణుకుమంటుంది.

పాత బ్రిటిష్ బళ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సునే బాడీకి బిగించేవారు. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డూ అంతే. అది చూసుకోకుండా బ్లూటూత్ స్టీరియో తగిలిస్తే పాట రాకముందే పొగ వస్తుంది.

చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాంవారి 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్‌కు సెల్ఫ్ బాధ లేదు. ఆ మోడలైన సిల్వర్ గోస్ట్‌లకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చిందే 1919లో. హ్యాండిల్ తిప్పడానికి ప్యాలెస్‌లో నౌకర్లకు కొదవేముంది? మణికొండలో పనిమనిషి దొరకడమే గగనం.

కాబట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి చూడండి. అర వోల్టు దాటితే కొత్త బ్యాటరీ కొనకండి. ఎర్త్ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో గీకి, స్టార్ వాషరు వేసి బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయండి. పెయింటరు టీకి వెళ్లినప్పుడు చేస్తే ఇంకా మంచిది.