అంకె

2017 మే నెల. ప్రత్తిపాడులో అన్నయ్య వాళ్ల వసారాలో కూర్చున్నాం. ఊరి పేరులో ప్రత్తి ఉన్నా ఆ యేడు అన్నయ్య కౌలుచేలో మొత్తం మిరపే వేశాడు. అంతకు ముందేడు గుంటూరు యార్డులో క్వింటాలు పది వేలు దాటడంతో చుట్టుపక్కల ఊళ్లన్నీ మిరప మీదే పడ్డాయి. పంట విరగపండింది. ధర విరిగిపోయింది. క్వింటాలుకి 5,000 రూపాయలన్నా దక్కేలా చూస్తామని ఆ నెలలో కేంద్రమే ప్రకటించాల్సి వచ్చింది.

ఆ పొద్దున్నే అన్నయ్య పురుగుమందుల కొట్టుకి వెళ్లి, మిరప టిక్కీలు అమ్మగా వచ్చిన డబ్బంతా కట్టి వచ్చాడు. పాత బాకీ, దాని మీద వడ్డీ, వచ్చే పంటకి తేవాల్సిన విత్తనాల అరువు కలిపి ఓ మూల కూర్చుని పుస్తకంలో రాసుకుంటున్నాడు.

ఇంజినీరింగ్ చదివే వాళ్లబ్బాయి సెలవులకి వచ్చి, లాప్‌టాప్‌లో మాఫియా 3 ఆడుతున్నాడు. 2016 అక్టోబరులో విడుదలైన ఆట అది. 1968 నాటి అమెరికా, న్యూ ఆర్లీన్స్‌ని పోలిన న్యూ బోర్డో అనే ఊహానగరం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన లింకన్ క్లే, తనవాళ్లని చంపించిన ముఠా నాయకుడి మీద పగ తీర్చుకునే కథ. ఆ కథని సమీక్షకులు మెచ్చుకున్నారు. పెదవి విరిచింది ఆటలో చేయాల్సిన పనుల దగ్గరే.

వాడూ అదే అన్నాడు. “కథ బాగుంది బాబాయ్. కానీ ఏ పేటకి పోయినా ఒకటే పని. దందాకి ఇంతని డాలర్లలో ఒక అంకె ఉంటుంది. వాళ్ల మనుషుల్ని కొట్టాలి, సరుకు పగలగొట్టాలి, డబ్బు లాక్కోవాలి. ఎంత నష్టం చేస్తే అంకె అంత తగ్గుతుంది. సున్నాకొస్తే ఆ దందా నడిపేవాడు బయటికొస్తాడు. వాడి పని పట్టాక ఇంకో దందా, ఆ తర్వాత పక్క పేట. మళ్లీ మొదటికి. విసుగొచ్చేసింది, ఇంక ఆడను.”

నాకు వాడి మాట సబబుగానే తోచింది. ఎటు కావాలంటే అటు తిరగనిచ్చే ఇలాంటి ఆటల్లో ఊరు ఎంత పెద్దదైతే అన్ని పనులు పుట్టించాలి. వీధికో కొత్త కథ అల్లాలంటే ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి. అందుకే ఒకే అచ్చు తీసుకుని పేట పేటకీ పోస్తారు. పేరు మారుతుంది, గోడల రంగు మారుతుంది, చేసే పని మాత్రం మారదు. రెండుసార్లు ఆడినవాడు మూడోసారి ఏం జరగబోతుందో ముందే చెప్పేస్తాడు. అంత మంచి కథకి ఆ గతి పట్టడం నాకూ బాధగానే అనిపించింది.

“నిజమేరా. చేసిందే చెయ్యమంటే మనిషి ఎన్నిసార్లని చేస్తాడు?” అన్నాను.

అన్నయ్య రాత ఆపి తలెత్తాడు. కళ్లజోడు తీసి తెర వంక చూశాడు.

“ఏరా, పని చేసినప్పుడల్లా ఆ అంకె తగ్గుద్దా?”

“తగ్గుతుంది నాన్నా.”

“మధ్యలో మళ్లీ పెరగదుగా?”

“పెరగదు. సున్నా అయ్యేదాకా తగ్గుతూనే ఉంటుంది.”

అన్నయ్య పుస్తకం మూసి, దానికి రబ్బరు బ్యాండు చుట్టాడు.

“మరి విసుగెందుకురా?”