నత్రజని సంజీవని: స్టీలు రేకు కోతకు టీకా తాత్పర్యాలు

మూలం

రేకు మంద మెఱిగి రీతిగా వడి నెంచి
గాలి బిగువు గూర్చి కడలు మెఱయ
నాభి లోన నిలిపి నాళంబు సరిచూచి
కోయువాడె యుక్కు కోవిదుండు

అవతారిక

కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని పండితులు చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన పెట్టుకొన్న నియమం తరువాతి వ్యాఖ్యాతలందరికీ ఒరవడి అయింది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును లేజర్‌తో కోసేటప్పుడు యంత్రానికి ఏ అంకెలు ఇవ్వాలన్న దాని మీద పూర్వకవులెవరూ పద్యం చెప్పిన జాడ లేదు గనుక, మొదటి నియమానికి భంగం రాకుండా ఈ టీక తన మూలాన్ని తానే కట్టుకోవలసి వచ్చింది. రెండో నియమం ఏ మేరకు నిలిచిందో చదువరులే చూస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫ్ సొమ్ముతో లేచిన మేడల మెట్ల రెయిలింగులూ, గేట్ల మీది లతలూ, దుకాణాల ముందరి అక్షరాలూ, హోటళ్ళ వంటింటి బల్లలూ ఈ రేకులోంచే పుడుతున్నాయి గనుక విషయం అల్పమని అధికారులైన పాఠకులు అనుకోరాదు.

ప్రతిపదార్థం

రేకు మందము = రేకు దళసరిని; ఎఱిగి = కొలిచి తెలిసికొని (అమ్మినవాడి మాట నమ్మి అని కాదు); రీతిగాన్ = ఆ మందానికి తగినట్లుగా; వడిన్ = కోత తల నిమిషానికి ఎన్ని మీటర్లు నడవాలో ఆ వేగాన్ని; ఎంచి = నిర్ణయించి; కడలు = కోసిన అంచులు; మెఱయన్ = నల్లబడక తళతళలాడేటట్లు; గాలి బిగువున్ = ఊదే వాయువు పీడనాన్ని; కూర్చి = అమర్చి; నాభిన్ = కిరణమంతా వచ్చి ఒక బిందువుగా చేరే చోటును; లోనన్ = రేకు పైముఖానికి దిగువన; నిలిపి = ఉంచి; నాళంబున్ = నాజిల్‌ను; సరిచూచి = పరీక్షించి; ఉక్కున్ = స్టీలును; కోయువాడె = కోసేవాడే; కోవిదుండు = నేర్పరి.

వ్యాఖ్య

"మందము" అన్న మాట దగ్గరే పాఠభేదం ఉంది. బజారులో రేకును మిల్లీమీటర్లలో కాక గేజిలో అడిగే అలవాటు ఇంకా పోలేదు. ఆ లెక్కలో 16 గేజి అంటే సుమారు 1.63 మిల్లీమీటర్లు, 18 గేజి 1.22, 20 గేజి 0.91. సంఖ్య పెరిగినకొద్దీ రేకు పలచబడటాన్ని ఆలంకారికులు విరోధాభాసంగా గుర్తించవచ్చు గాని, "కొంచెం ఎక్కువ గేజి వెయ్యండి" అని ఇంటి యజమాని అన్నప్పుడు ఆయన కోరినది దళసరి రేకా, పలచటిదా అన్నది అలంకారశాస్త్రం తేల్చే సంగతి కాదు. పైగా చీటీ మీద రాసిన మందానికీ రేకుకున్న మందానికీ అంతరం ఉండటం అరుదు కాదు. నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన సిరిసిల్లలో పలుచన విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే అక్కడ పలుచన నేర్పుకు గుర్తు, ఇక్కడ తూకంలో దక్కిన లాభానికి గుర్తు. అందుచేత "ఎఱిగి" అనే పదానికి స్క్రూగేజి పెట్టి చూచి అనే అర్థమే గ్రాహ్యం. రేకు మీద అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను కూడా ఈ సందర్భంలోనే గమనించాలి: పొర పైకి ఉండేటట్లు రేకు పరచాలి, ఆ పొర రేకుకు గట్టిగా అంటుకొని లేకపోతే ఊదిన గాలి దాని కిందికి దూరి బుడగలా లేపుతుంది, ఆ బుడగకు కోత తల తగులుకొంటుంది.

"వడి" మందానికి లోబడినది. ఒక కిలోవాట్ శక్తిగల ఫైబర్ లేజర్, అంటే గాజుతీగలోనే కాంతిని పుట్టించి అదే తీగలో తల దాకా తెచ్చే యంత్రం, 1 మిల్లీమీటరు రేకును నిమిషానికి 10 మీటర్లు దాటిన వేగంతో కోయగలిగితే, 2 మిల్లీమీటర్ల దగ్గర అందులో సగానికి అటూ ఇటూగా, 3 మిల్లీమీటర్ల దగ్గర 2, 3 మీటర్లకు దిగిపోతుంది. సిరిసిల్ల మరమగ్గం మీద పేకపోగు తెగితే మగ్గం ఆగుతుంది. లేజర్‌కు ఆ బుద్ధి లేదు, వడి మించి రేకు అడుగు తెగకపోయినా అది తన దారిన బొమ్మంతా గీసి పోతుంది, ముక్కను ఎత్తబోయినప్పుడు గాని సంగతి బయటపడదు. కాబట్టి చూపు తల మీద కాక కింద రాలే నిప్పురవ్వల మీద నిలపాలి: అవి నిట్టనిలువుగా దిగుతుంటే వడి సరి, వెనక్కి ఏటవాలుగా సాగుతుంటే ఎక్కువ, కిందికి దిగడం మాని పైకి చిమ్ముతుంటే కోత లేనే లేదు. వడి మరీ తగ్గితే వేడి నిలిచి, కరిగిన లోహం అడుగంచున ముళ్ళలా గడ్డకడుతుంది. దీనినే పనివారు బర్ అంటారు.

"గాలి" అన్నది ఈ పద్యానికి ప్రాణం, అయితే ప్రాణవాయువు కాదు. ఇక్కడ పూర్వపక్షం ఇది: 1967లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరి వెల్డింగ్ పరిశోధన సంస్థలో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ లేజర్ కిరణానికి తోడుగా వాయువును ఊది తొలిసారి ఉక్కు రేకు కోసినప్పుడు ఆయన వాడినది ఆక్సిజనే గదా, ఆద్యుడి మార్గాన్ని విడవడం ఎందుకు? మామూలు ఇనుప రేకుకు ఆ మార్గం నేటికీ చెల్లుతుంది; ఆక్సిజన్‌లో ఇనుము మండి తన వేడిని తానే సమకూర్చుకొంటుంది గనుక ఒక బార్, అంటే సుమారు మన చుట్టూ ఉన్న వాతావరణపు ఒత్తిడి అంత పీడనం, లేదా అంతకు తక్కువ చాలు. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంది. అది ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టే ఆక్సైడు కరగాలంటే 2,400 డిగ్రీల సెల్సియస్ దాటాలి, ఉక్కేమో 1,450 లోపే కరుగుతుంది. కరిగిన దానిలో కరగనిది చేరితే జిగటగా అంచును పట్టుకొని నల్లగా మిగులుతుంది. "కడలు మెఱయ" అని మూలం స్పష్టంగా చెప్పింది గనుక ఆక్సిజన్ మతం ఇక్కడ నిరస్తం. నత్రజని మండించదు, కరిగినదాన్ని తోసివేస్తుంది అంతే. తోసేది బలంతోనే గనుక పీడనం 10 నుంచి 18 బార్ల దాకా కావాలి.

"బిగువు" అన్న మాటలో ధ్వని ఉంది. బిగువు గాలిదే కాదు, ఖర్చుదీ. ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం గల నాజిల్ గుండా 12 బార్లతో నత్రజని వదిలితే గంటకు సుమారు 17 ఘనమీటర్లు పోతుంది. మామూలు సిలిండర్‌లో పట్టేది 7 ఘనమీటర్లు. అంటే నిండు సిలిండర్ అరగంట కోతకు చాలదు. నాజిల్‌ను 2 మిల్లీమీటర్లకు, పీడనాన్ని 15 బార్లకు పెంచితే పావుగంటకే ఖాళీ. ఇందువల్లనే కొందరు ద్రవ నత్రజని నింపిన పెద్ద సిలిండర్‌కు మారతారు, మరికొందరు తేమా నూనే వడగట్టిన మామూలు గాలితో కోస్తారు. ఆ గాలిలో అయిదోవంతు ఆక్సిజనే గనుక అంచు పసుపు పచ్చగానో మసకగానో వస్తుంది. అంచును తరువాత గ్రైండర్ పట్టే పనికి అది దోషం కాదు, కంటికి కనబడే రెయిలింగుకు దోషమే. ఈ విషయంలో టీకాకారుని పక్షం ఏమంటే, గాలితో కోసిన దాన్ని గాలితో కోశామని చెప్పి ఆ ధరకే ఇస్తే శాస్త్రవిరుద్ధం కాదు.

"నాభి లోన నిలిపి" అన్నచోట నాభి అంటే బొడ్డు కాదు, చక్రం కుండా కాదు. బడిలో కటకాల పాఠం చదివినవారికి తెలిసిన నాభి, పనివారి ఫోకస్. యంత్రం తెర మీద దీనికి మైనస్ గుర్తు పెడతారు. మైనస్ అంటే నష్టం కాదు, రేకు పైముఖం సున్నా అయితే దానికి కిందికి అని. నత్రజనితో కోసేటప్పుడు అడుగున కూడా సందు తగినంత వెడల్పుగా తెరుచుకొంటేనే కరిగినది జారిపోతుంది గనుక, 1 మిల్లీమీటరు రేకుకు సున్నాకూ మైనస్ 1కీ నడుమ, 3 మిల్లీమీటర్లకు మైనస్ 2, 3 దాకా నాభిని దింపడం వాడుక. ఆక్సిజన్‌తో మందపు ఇనుము కోసినప్పుడు నాభి పైకి లేస్తుంది, ప్లస్ అవుతుంది. రెండు పనులూ ఒకే రోజు చేసేవారు ఒక్క గుర్తు మార్చడం మరచి రేకంతా పాడుచేసుకొన్న ఘట్టాలకు వేరే ఉదాహరణ అక్కర లేదు.

"నాళంబు సరిచూచి" అన్నదానికి కంటితో చేసే చిన్న పరీక్ష ఒకటి ఉంది. నాజిల్ మూతికి కింద సెలోటేపు ముక్క అంటించి, కిరణాన్ని ఒక్కసారి చిటికెలో వదిలి, టేపు ఊడదీసి వెలుతురుకు పట్టాలి. టేపు మీద నాజిల్ రంధ్రపు ముద్ర గుండ్రంగా పడుతుంది, అందులో కిరణం కాల్చిన చుక్క నడిమధ్యన ఉండాలి. చుక్క పక్కకు జరిగి ఉంటే గాలి ఒక ప్రక్క ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ తగిలి, ముక్కకు ఒక్క వైపునే బర్ వస్తుంది. తల మీది మరలు తిప్పి చుక్కను నడుమకు తేవాలి. నత్రజనికి ఒంటిపొర నాజిల్, ఆక్సిజన్‌కు జంటపొర నాజిల్ అన్న భేదం ప్రసిద్ధం గనుక విస్తరించడం లేదు.

"ఉక్కు కోవిదుండు" అన్నచోట ఒక ఆక్షేపణ వినవస్తుంది. దీనిని ఒకే సమాసంగా తీసుకొంటే తెలుగు పదం మీద సంస్కృత పదం చేరింది, అది వైరిసమాసం. ప్రతిపదార్థంలో చూపినట్లు "ఉక్కును కోయువాడె" అని విడదీస్తే దోషం తొలగుతుంది. సమాసంగానే ఉంచినా బాధ లేదని మరొక పక్షం: వర్ణించే వస్తువే మిశ్రలోహం, ఇనుములో నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ కలిస్తేనే 304 అనే రకం పుడుతుంది, అటువంటి దానికి మిశ్రమైన మాట తగినదే. ఇక ఉక్కు అన్న మాట వచ్చాక, కోరుట్ల నుంచి మెట్‌పల్లి మీదుగా ఆర్మూరుకు పోయే దారిలో కమ్మర్‌పల్లి మండలపు కోనసముద్రాన్ని తలచుకోకుండా ముందుకు పోవడం కష్టం. మూసలలో కరగించి అక్కడ చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పద్ధతిని చూచి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కుకు ఘనత కర్బనంతో వచ్చింది. నేటి 304లో అదే కర్బనం 0.08 శాతం దాటకూడదు, దాటితే వేడి తగిలిన చోట క్రోమియాన్ని పట్టుకొని తుప్పుకు దారి ఇస్తుంది. ఒక కాలపు గుణం మరొక కాలానికి దోషమైంది. (మల్లినాథుని రెండో నియమం ఇక్కడ సడలింది.)

తాత్పర్యం

పదాలకు విడివిడిగా అర్థం చెప్పడం సులువు, అన్వయంలోనే ఉంది చిక్కు. మూలంలోని క్త్వార్థకాలన్నీ, అంటే ఎఱిగి, ఎంచి, కూర్చి, నిలిపి, సరిచూచి అన్నవన్నీ, చివరి "కోయు" మీదికి వచ్చి వాలినట్లే, మందమూ వడీ పీడనమూ నాభీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి; పీడనం తగ్గితే వడి మారాలి, నాజిల్ మారితే పీడనం మారాలి, నాభి జరిగితే అన్నీ మారాలి. వేరొకరి యంత్రం తెరను ఫోనులో ఫొటో తీసి తెచ్చుకొని ఆ అంకెలనే తన యంత్రానికి ఎక్కించడం ప్రతిపదార్థం బట్టీపట్టి పద్యం అర్థమైందనుకోవడం వంటిది. ఆ రేకు వేరు, ఆ నత్రజని శుద్ధి వేరు, ఆ కటకం మీది మసి వేరు. అందుచేత రేకు మూలన అయిదు సెంటీమీటర్ల చదరపు ముక్కను ముందు కోసి, చల్లారాక అడుగంచున బొటనవేలి గోరు నడిపిస్తారు. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అంకెలు నిలుస్తాయి, తట్టుకొంటే ఒకసారికి ఒక్క అంకెనే మార్చి మరో ముక్క కోస్తారు.

విశేషం

జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే దారిలో గంగాధర మండలపు కురిక్యాల దగ్గర, బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దిలో జినవల్లభుడు వేయించిన శాసనంలో తెలుగు కందాలు ఉన్నాయి. ఉలి రాతిని గాటు పెట్టి ఆగుతుంది, లేజర్ రేకు ఆవలికి పోతుంది; ఈ భేదం పేరు పలకలు చేసేటప్పుడు తెలుస్తుంది. రేకులో తెలుగు అక్షరాలను తొలిచి తీస్తే సున్న నడుమనున్న బిళ్ళ ఊడి కింద రాలుతుంది, ఠ పొట్టలోని చుక్క రాలుతుంది. అన్నీ సరిగా అమర్చి, అంచు అద్దంలా వచ్చినా పేరు మాత్రం చదవరాకుండా పోతుంది. ఆ బిళ్ళను పట్టి ఉంచేందుకు సున్న పైన ఒకటి, కింద ఒకటి సన్నని వంతెనలు బొమ్మలోనే విడిచిపెట్టాలి, ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకుకు అవి రేకు మందానికి తగ్గకుండా ఉంటే వంగవు.