కేకే కాలువ

పది రోజులుగా మా ఇంట్లో కరువు. వానల కరువు కాదు, కర్నూలులో అదెప్పుడూ ఉన్నదే. మా మనవరాలు పోటీ పరీక్షకు చదువుతోంది. పొద్దున నా కాఫీ చల్లారకముందే పుస్తకంతో ప్రత్యక్షం.

"జేజినాయనా, డ్రాట్ అంటే?"

"కరువు."

"ఫామిన్?"

"కరువే."

"స్కేర్సిటీ?"

"అదీ కరువే. ఇంకేముంటుంది?"

"ముప్పై ఏండ్లు ఇంగ్లీషు అయ్యవారు నువ్వేనా?" అంది, ఓపిగ్గా నాకే పాఠం మొదలుపెట్టింది. వాన పడకపోతే డ్రాట్. సరుకు చాలకపోతే స్కేర్సిటీ. తిండిలేక జనం చస్తే ఫామిన్. నాకు తెలియక కాదు. మూడూ ఒకే బస్సు ఆగే స్టాపులు. మా సీమలో ఎక్కినవాడు మధ్యలో దిగిన దాఖలా లేదు.

"సరే, కెనాల్‌కూ చానెల్‌కూ తేడా?"

కెనాల్ అనగానే నాకు కేసీ కెనాల్ గుర్తొచ్చింది. ఇక నన్ను ఆపడం ఎవరి తరం? సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి, కర్నూలు మీదుగా కడప దాకా 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. పంటలకే కాదు, పడవలు నడపడానికి కూడానట. రాయలసీమలో పడవలు! లాభాలు రాక కంపెనీ చతికిలబడితే 1882లో సర్కారే కొనుక్కుంది. అది పోనీండి. కే అంటే కర్నూలు, సీ అంటే కడప. దొరల స్పెల్లింగులో కడపకు మొదట సీ, నడుమ రెండు డీలు, చివర ఎవరికీ వినపడని హెచ్చూ ఉండేవి. 2005లో సర్కారు సీ పీకేసి కే పెట్టింది. ఊరి పేరు మారింది, కాలువ పేరు మారలేదు. న్యాయంగా అది కేకే కాలువ కావాలి. ఆయకట్టు చివరి రైతు నీళ్లకోసం వేసే కేకలకు ఆ పేరు అతికినట్టుండేది. కడప బండదీ ఇదే గతి. ఊరు వదిలేసిన ఆ సీ, ఆ హెచ్చు అంగడి బోర్డుల మీద బండను ఇంకా పట్టుకునే ఉన్నాయి. అసలు...

"జేజినాయనా, చానెల్!"

అప్పటికి ముప్పావుగంట అయింది. వీధిలో నీళ్ల ట్యాంకరు హారను కొట్టింది. బిందెలు తీసుకుని ఇద్దరం పరుగెత్తాం.

వరుసలో నిలబడ్డాక లోపలి కడుపుమంట బయటికొచ్చింది. ఏరు, వాగు, వంక, కుంట, చెరువు, మడుగు. నీళ్లు లేని మాకు నీళ్లకు ఎన్ని మాటలో. వానలు దండిగా పడే దేశంవాళ్లకేమో లేమికి అన్ని మాటలు! అవీ చాలలేదు. 2016లో మన వాతావరణ శాఖ దేశం మొత్తం లెక్కల్లో డ్రాట్ అన్న మాటే మానేసింది. ఇప్పుడది 'డెఫిషియెంట్ ఇయర్'. మరీ ముదిరితే 'లార్జ్ డెఫిషియెంట్ ఇయర్'. మండలాలకేమో తీవ్రం, మధ్యస్థం అని రెండు ముద్రలు. ఆ రెండింటికీ తేడా తెలియడానికి రైతుకు పుస్తకం అక్కర్లేదు, చేతికొచ్చే సాయం చెబుతుంది.

మా జేజి కరువుల్లో రకాలు ఎంచేది కాదు, పేరుపెట్టి పిలిచేది, చుట్టాలను పిలిచినట్టు. 1876–78 నాటిది ధాత కరువు. అది వాళ్లమ్మ చెప్పగా విన్నది. 1952లో గంజి కేంద్రాలు తెరిచిన కరువు గంజి కరువు. ఆ వరుసలో గిన్నె పట్టుకుని తానే నిలబడింది. ఎంతసేపు నిలబడిందో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

నేనూ మనవరాలికి చెప్పలేదు. పరీక్షలో రాదు.